మళ్లీ మళ్లీ వచ్చే పనులు

ఇంటిపనులు రెండు రకాలు. ఒకసారి చేస్తే తీరిపోయేవీ, మళ్లీ మళ్లీ నెత్తిన పడేవీ. మొదటి రకం మగవాళ్ల వాటాకూ, రెండోది మన వాటాకూ వచ్చాయని నా అనుమానం. ఇల్లు కట్టించేది వాళ్లు. ఆ ఇంటికి పాల లెక్కా, గ్యాసూ, తద్దినాలూ గుర్తుపెట్టుకునేది మనం.

మా వెలిగండ్ల ఇంట్లో ఆ జ్ఞాపకమంతా మా అత్తగారిదే. ఆవిడ 2021 శ్రావణ బహుళ పంచమినాడు పోయారు. కర్మలు అయ్యాక బెంగుళూరు వెళుతూ మా అబ్బాయి, "ఇవన్నీ ఇక నువ్వు మొయ్యక్కర్లేదమ్మా" అంటూ నా సెల్‌ఫోను క్యాలెండరులో అన్నీ ఎక్కించి, ఒక్కోదానికీ "రిపీట్" అని తగిలించాడు.

ఆ యంత్రానికి "మళ్లీ" అంటే ఒకటే అర్థం. మనకు ఎన్నో అర్థాలు.

పాలావిడ లెక్కే చూడండి. నెలాఖరు గదా అని ప్రతి నెలా 31 అని పెట్టాడు. సెప్టెంబరుకు 31 లేదు. ఫోను నోరు మెదపలేదు. ఏడాదిలో 31 ఉన్న నెలలు ఏడే, పాలావిడ మాత్రం పన్నెండుసార్లూ గుమ్మంలో నిలబడుతుందాయె! ఒకటో తారీఖుకు మార్చబోతే, "ఈ ఒక్కసారికా, ఇకముందు అన్నిటికీనా?" అని అడిగింది ఫోను. అంత వివరంగా మావారు కూడా నన్నేనాడూ అడగలేదు. అన్నిటికీ అన్నాను. ఆ తగువు తీరింది.

గ్యాసుబండ సంగతి వేరు. 30 రోజులకొకటి అని పెట్టాడు. మేమిద్దరమే అయితే 50 రోజులు వస్తుంది. ఆడపడుచులు పిల్లలతో దిగితే 20 రోజులకే ఖాళీ. దాన్ని తారీఖును బట్టి కాక, బండ మార్చిన రోజును బట్టి లెక్కపెట్టాలి. అందుకని రిపీట్ తీసేసి, బండ మార్చిన రోజే తర్వాతి గుర్తు ఒక్కటి రాసుకుంటున్నాను. అత్తగారు వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసేవారు, అంతే తేడా.

నాకు గుండె ఝల్లుమన్నది ఆవిడ తద్దినం దగ్గరే. పోయింది ఆగస్టు 27న గనుక, ఏటా ఆగస్టు 27 అని ఎక్కించాడు. 2022 ఉగాదికి కొన్న పంచాంగం తీసి చూద్దును గదా, శ్రావణ బహుళ పంచమి ఆగస్టు 16! ఫోనును నమ్ముకుని కూర్చుంటే పదకొండు రోజులు దాటాక అమావాస్యనాడు గణగణమనేది. ఇంటిల్లిపాది తిథులూ నోటిమీద చెప్పిన మనిషికి, తన తిథినాడు విస్తరి లేకుండా పోయేది.

అబ్బాయికి చెబితే, "ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిపితే సరి గదమ్మా" అన్నాడు. ఇంజనీరు గదా! చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే, నిజమే. కానీ అలా వెనక్కి పోతూనే ఉంటే శ్రావణం నడివేసవిలో పడదూ? అందుకేగా సుమారు 32, 33 నెలలకొక అధికమాసం! 2023లో శ్రావణమే రెండుసార్లు వచ్చింది. తద్దినం నిజశ్రావణంలో, సెప్టెంబరు 4న పెట్టాం. వెనక్కి కాదు, 19 రోజులు ముందుకు జరిగింది.

పంచాంగం ఆప్‌లు కూడా చూశాను. పైకి కనబడేట్టు ఇచ్చేది సూర్యోదయపు తిథి. తద్దినానికి అపరాహ్ణంలో ఏ తిథి ఉందో చూడాలి. అది అయ్యవారిని అడగవలసిందే.

అందుకని ఉగాదికి పంచాంగం రాగానే అయ్యవారిని కనుక్కుని, ఆ ఏటి తారీఖులు మాత్రమే రిపీట్ లేకుండా ఎక్కిస్తాను. వారం ముందే మోగాలి. కనిగిరి నుంచి ఆడపడుచుకు కబురు పెట్టాలి, సరుకులు తెప్పించాలి.

"పదేళ్లవి ఒకేసారి చెప్పమ్మా, ఎక్కించేస్తా" అన్నాడు అబ్బాయి.

"ఏటికేడు నువ్వే అడుగు నాయనా, చెబుతాను" అన్నాను.

మొన్న ఉగాదినాడు పచ్చడి తిన్నావా అని అడగబోతున్నాను, "నాయనమ్మ తిథి ఈ ఏడు ఎప్పుడొచ్చిందమ్మా?" అని తనే అడిగాడు.