పాతబస్తీలో ద్రాక్షల కాలం

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ సెంటరుకు వెళ్ళినా 'వైన్స్' అనే బోర్డు కనిపిస్తుంది. లోపల అమ్ముడుపోయేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. అసలు ద్రాక్షారసం ఏ మూల అరలోనో దుమ్ము పట్టి ఉంటుంది. పేరు దానిది, బేరం వేరేవాటిది! అయినా ఈ మధ్య మన యౌవనస్థులు, ముఖ్యంగా విదేశాల నుండి సెలవులకు వచ్చేవారు, "అయ్యగారూ, ఏ సంవత్సరపు ఎర్ర ద్రాక్షారసం మంచిదంటారు?" అని అడుగుతున్నారు. అడిగినందుకు ముఖం చిట్లించనక్కరలేదు. కానా పెండ్లిలో విందు ప్రధాని కూడా మంచి రసమేదో, నాసిరకమేదో ఎరిగినవాడే. జవాబు కోసం మీరు నాతో హైదరాబాదు పాతబస్తీకి రావాలి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్దాం. చార్మినార్ చుట్టుపక్కల తోపుడు బళ్ళ మీద ద్రాక్షగుత్తులు గోపురాల్లా పేర్చి ఉంటాయి. "అంగూర్, అంగూర్" అని కేకలు. నేడు వాటిలో ఎక్కువ భాగం గింజలేని రకాలే. ఒకప్పుడు ఈ నగరానికి సొంత ద్రాక్ష ఉండేది. దాని పేరు అనాబ్-ఎ-షాహి. అరబీలో 'ఇనబ్' అంటే ద్రాక్ష, పారశీకంలో 'షాహి' అంటే రాజులది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే పండ్ల ప్రియుడు దీన్ని హైదరాబాదుకు తెచ్చాడని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. పొడవైన పెద్ద కాయ, పండితే తేనె రంగు, లోపల గింజలు. నగరం చుట్టూ ఎన్నో ఎకరాల్లో పందిళ్ళు వెలిశాయి. ఎకరా దిగుబడిలో ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న తోటలవి. ఇప్పుడు వాటిలో చాలా మట్టుకు కాలనీలు లేచాయి. బోర్లు ఎండిపోయాయి, భూమి ధర పెరిగింది. ఆ ధర ముందు ద్రాక్షతీగ ఎంతకాలం నిలుస్తుంది?

ఆ తోటలు ఉన్న రోజుల్లోనైనా రాజుల ద్రాక్షతో ఎర్ర రసం చేయడం సాధ్యపడేది కాదు. నల్లద్రాక్షను గట్టిగా పిండి చూడండి, వచ్చే రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. ఎరుపంతా తొక్కలో ఉంది. తొక్కలతో సహా పులియబెడితేనే రంగు, ఆ వగరు దిగుతాయి. ఆ వగరే రసాన్ని ఏళ్ళ తరబడి నిలబెడుతుంది. తేనె రంగు తొక్కలో ఎరుపు ఎక్కడిది?

ఇక సంవత్సరం మాట. మన దక్కనులో ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు. వేసవిలో ఒకటి కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో ఇంకొకటి కాయ కోసం. ఆ రెండవ కత్తిరింపు తరువాత తుపాను వానలు పట్టుకుంటే బూజు తెగులు వచ్చి పూత మాడిపోతుంది. వాన లేకపోతే మంచి పంట. ఫ్రాన్సులోని బోర్డోలోనూ సూత్రం ఇదే, నెలలు మాత్రం వేరు. అక్కడ 1945 మే నెలలో మంచు దెబ్బకు కాపు తగ్గిపోయింది. మిగిలిన కొద్ది గుత్తులు ఎండ వేసవిలో చక్కగా పండి, ఆ శతాబ్దపు గొప్ప రసాలలో ఒకటయ్యాయి. యుద్ధం ముగిసిన ఏడాది గనుక మూటోన్ రోత్‌షీల్డ్ వారు తమ సీసాకు విజయ చిహ్నంగా 'వి' అక్షరం అచ్చువేశారు. 1961 కూడా కాపు తక్కువ, రుచి ఎక్కువ. ఆ ఏటి లాతూర్‌ను నేటికీ మెచ్చుకుంటారు. 1982లో రెండూ కలిసివచ్చాయి. దగ్గరి కాలంలో 2005, 2010 మంచివని పేరు. అడిగిన పిల్లలకు నేను చెప్పే సంవత్సరాలు ఇవే, కానీ వాటిలో పేరుమోసిన సీసాల ధర మన జీతాలకు అందదు. మరొక మాట. బంధువులు తెచ్చిన సీసాను షోకేసులో నిలబెట్టి, మన మే నెల ఎండల్లో ఏళ్ళ తరబడి ఉంచితే ఎంత గొప్ప సంవత్సరమైనా ఉడికిపోతుంది.

చార్మినార్ నుండి మూసీ ఒడ్డుకు వస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. 1968 నుండి ఆ సేకరణ ఈ భవనంలోనే ఉంది. అక్కడ నూర్జహాన్‌ది అని చూపే పండ్లు కోసే చాకు, జహంగీర్‌ది అనే బాకు ఉన్నాయి. నేనెప్పుడు వెళ్ళినా ఆ చిన్న చాకు దగ్గరే ఆగుతాను. ఆమె భర్త జహంగీర్ ఒకప్పుడు రోజుకు ఇరవై గిన్నెల సారా తాగేవాడినని తన జ్ఞాపకాలలో తానే రాసుకున్నాడు. అతని తమ్ముళ్ళు మురాద్, దానియాల్ ఇద్దరూ ఈ దక్కను దండయాత్రల కాలంలోనే తాగుడుతో చనిపోయారు. కాపలా పెడితే దానియాల్ కోసం తుపాకీ గొట్టంలో పోసి తెచ్చారట, తుప్పుతో సహా!

గోల్కొండ కాలంలో పెద్దలకు పర్షియాలోని షీరాజు నుండి ద్రాక్షారసం ఓడల మీద వచ్చేది. (నేటి సీసాల మీది 'షిరాజ్' రకం మాత్రం ఫ్రాన్సులోనే పుట్టిందని జన్యు పరీక్షల్లో తేలింది.) సామాన్యులకు కల్లు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, కల్లు మీది సుంకంతో రాజుకు మంచి ఆదాయమని రాశాడు. చదువుతుంటే మనకు కొత్తగా అనిపించదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచారు. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఖజానా లోటు చెప్పి ఎత్తేశారు. ఆ నాలుగైదేళ్ళలో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో మన సంఘాల్లోని తల్లులను అడగండి. 1982 బోర్డో గూర్చి మాట్లాడటం నాకు ఇష్టమే. అయితే భర్త తాగుడుతో నలిగిన సహోదరి పక్కన కూర్చొని ఉంటే ఆ మాట నా నోట రాదు.

ప్రభువు బల్ల దగ్గర పులియని రసం వాడే సంఘాలు ఉండటానికి కారణం కూడా ఇటువంటి బాధే. 1869లో అమెరికాలోని వైన్‌ల్యాండ్‌లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి వేడినీళ్ళలో కాచి, పులియకుండా నిలువచేశాడు. ఆ పని మన వంటింట్లోనూ చేసుకోవచ్చు. నల్లద్రాక్షను కడిగి, కాడలు తీసి, కొంచెం నీళ్ళతో తొక్కలతోపాటే సన్నసెగ మీద ఉడికించాలి. తొక్క తీసేస్తే ఎరుపు రాదు. వడకట్టి, మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, వేడినీళ్ళలో మరిగించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

పండ్ల కోసం మీర్ ఆలం మండీ వైపు గాని, చార్మినార్ బళ్ళ దగ్గరకు గాని ఎండ ముదరక ముందే వెళ్ళండి. అక్టోబరులో వానలు ఎక్కువ కురిసిన ఏడైతే గుత్తి తిప్పి లోపలి కాయలు కూడా చూడాలి. కాడ పచ్చగా ఉండాలి. కాయ మీద బూడిద పూసినట్టు సన్నని తెల్లపొర కనిపిస్తే మందు అనుకొని కొందరు వదిలేస్తారు. చాలాసార్లు అది పండు తనంతట తాను కప్పుకున్న మైనమే. కొనేముందు ఒక కాయ రుచి చూడమని బండివాడే చేతిలో పెడతాడు.