గ్రెప్‌కి దొరకని నీళ్ల బండి

మదీనాగూడలో ఎండాకాలం వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేదు. పొద్దున్నే ఆరింటికి సందులో ట్యాంకర్ రివర్స్ తీసుకుంటున్న చప్పుడు వినపడితే చాలు. దీప్తిశ్రీ నగర్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. మే నెలలో బోరు చేతులెత్తేసింది. నెలాఖరుకి ట్యాంకర్ల బిల్లు వాట్సాప్ గ్రూపులో పడింది. 46 ట్యాంకర్లు, ఒక్కోటి 1,400 రూపాయలు. మొత్తం 64,400.

"నిజంగా అన్ని వచ్చాయా?" అని మూడో ఫ్లోర్ అంకుల్ అడిగారు.

మా వాచ్‌మన్ అన్నది నారాయణపేట వైపు ఊరు. ఆయన పుస్తకంలోనూ 46 అనే ఉంది. కానీ ఆ పుస్తకం రాసేది ఆయనే కదా అని కొందరి అనుమానం. ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ గ్రూపులో మెసేజ్ పెట్టాలని మాకో రూలుంది. ఆ మెసేజ్‌లు లెక్కపెడితే తేలిపోతుంది. కానీ గుడ్ మార్నింగ్‌లు, పుట్టినరోజు కేకుల మధ్య నెల మొత్తం వెనక్కి జరుపుకుంటూ పోయే ఓపిక ఎవరికుంది?

"నేను తీస్తా అంకుల్, రెండు నిమిషాలు" అన్నా. అక్కడ మొదలైంది.

నేను కోడింగ్ నేర్చుకున్న తీరు మీలో చాలామందికి తెలిసిందే. ఇంజినీరింగ్‌లో ప్రైమ్ నంబర్ల ప్రోగ్రామ్, ఫిబొనాచీ ప్రోగ్రామ్ రికార్డు బుక్కులో నీట్‌గా రాసి సంతకం పెట్టించుకోవడం. తర్వాత అమీర్‌పేట, మైత్రీవనం చుట్టూ హాస్టల్, మూడు నెలల కోర్సు, జిరాక్స్ నోట్స్. ఆ నోట్స్‌లో లినక్స్ కమాండ్లు ఎడమవైపు, వాటి అర్థాలు కుడివైపు. ఎక్కాల్లా బట్టీ పట్టా. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నల్ల స్క్రీన్ ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

మా టీమ్‌లో ఒక సీనియర్ అక్క ఉండేది. "కమాండ్లు చదవకు రా. నీకు నిజంగా కావాల్సిన పని ఒకటి తెచ్చుకో, దానికి ఏది అవసరమైతే అదే నేర్చుకో" అంది. అప్పట్నుంచి కరెంటు బిల్లులు, క్రికెట్ స్కోర్లు, రూమ్మేట్ల అప్పుల లెక్కలు అన్నీ టెర్మినల్‌లోనే. అలా నేర్చుకున్నది మాత్రం మర్చిపోలేదు.

ట్యాంకర్ల లెక్క కూడా అలాంటి పనే అనుకున్నా. వాట్సాప్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, ఫొటోలు లేకుండా తీసుకుంటే గ్రూపు మొత్తం ఒక టెక్స్ట్ ఫైల్‌గా వచ్చేస్తుంది. లైనుకో మెసేజ్. ముందు తేదీ, తర్వాత పేరు, తర్వాత మాట. అందులోంచి మే నెల విడదీసుకున్నా.

గ్రెప్ అనే కమాండ్ ఉంది. మనం ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న లైన్లన్నీ ఏరి ఇస్తుంది. యూనిక్స్ తయారుచేసిన కెన్ థాంప్సనే దీన్నీ రాశాడు. ఫైల్ మొత్తం వెతికి, పోలినవి ప్రింట్ చెయ్యమని ఒక పాత ఎడిటర్‌లో కొట్టే అక్షరాలే దానికి పేరయ్యాయి. ఒక కమాండ్ ఇచ్చిన జవాబుని ఇంకో కమాండ్‌లోకి పంపాలంటే మధ్యలో ఒక నిలువు గీత పెడితే చాలు. దాన్నే పైప్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ల్రాయ్ అనే ఆయన 1964లోనే, తోటకి నీళ్లు పెట్టే గొట్టాల్ని ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాముల్ని తగిలించుకోగలగాలని ఒక నోట్ రాశాడు. 1973లో థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. నీళ్ల లెక్కకి నీళ్ల గొట్టం, బాగుంది కదా అని నవ్వుకున్నా.

మూడు ముక్కలు తగిలించా. మొదటి గ్రెప్ వాచ్‌మన్ అన్న పేరున్న లైన్లు తీస్తుంది. రెండోది వాటిలో ఇంగ్లీషు అక్షరాల 'ట్యాంకర్' ఉన్నవి ఏరుతుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడొద్దని మైనస్ ఐ కూడా పెట్టా, నాకు తెలివి ఎక్కువ కాబట్టి. చివర్లో డబ్ల్యూసీ మైనస్ ఎల్, ఎన్ని లైన్లో లెక్కపెట్టడానికి.

ఎంటర్ కొట్టా. 31.

స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేశా. "మెసేజ్‌ల ప్రకారం 31 మాత్రమే" అని రాశా. మిగతా లెక్క వాళ్లే వేసుకున్నారు. 15 ట్యాంకర్లు తేడా, అంటే 21,000 రూపాయలు. అరగంటలో గ్రూపు కోర్టు అయిపోయింది. "వేరే వాచ్‌మన్‌ని చూద్దాం" అని ఒకరు, "సప్లయర్‌తో కుమ్మక్కు" అని ఇంకొకరు. ఆ గ్రూపులో వాచ్‌మన్ అన్న కూడా ఉన్నాడు. అన్నీ చదువుతున్నాడు.

రాత్రి పార్కింగ్‌లో బైక్ పెడుతుంటే ఎదురొచ్చాడు. కోపంగా లేడు. అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"ప్రతి బండికీ పెట్టిన సార్. మీరే సూస్కోండ్రి" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అక్కడే మెట్ల మీద కూర్చుని మే ఒకటో తేదీ నుంచి చూడటం మొదలుపెట్టా. నాలుగో తేదీ దగ్గరే గుండె ఝల్లుమంది. "2 ట్యాంకర్స్ వచ్చినయ్" అని ఒకే మెసేజ్. నేను లెక్కపెట్టింది లైన్లని, ట్యాంకర్లని కాదు.

పైకెళ్లి లాప్‌టాప్ తెరిచా. ఈసారి రెండో గ్రెప్‌కి మైనస్ వీ పెట్టా. అది తిరగేసి పనిచేస్తుంది, ఆ మాట లేని లైన్లు చూపిస్తుంది. అంటే నేను వదిలేసినవి. లిఫ్ట్ గురించి, చెత్త బండి గురించి, గ్యాస్ సిలిండర్ల గురించి పెట్టినవన్నీ వచ్చాయి. ఒక్కోటి చదువుకుంటూ పోయా.

ఒకే మెసేజ్‌లో రెండేసి చెప్పినవి నాలుగు, అంటే ఇంకో 4 ట్యాంకర్లు. స్పెల్లింగ్‌లో 'ఈ' బదులు 'ఏ' కొట్టినవి 5. వాళ్లమ్మాయి తెలుగు అక్షరాల్లో టైప్ చేసి పెట్టినవి 3. ఫొటో తీసి కింద రాసినవి 2. ఎక్స్‌పోర్ట్ ఫైల్లో ఫొటో కింది మాట తర్వాతి లైన్లో పడుతుంది, ఆ లైన్లో పేరుండదు. నా మొదటి గ్రెప్పే వాటిని పారేసింది. మొత్తం 45.

ఇంకొకటి ఎంతకీ దొరకలేదు. మళ్లీ మొదట్నుంచి చదివితే 19వ తేదీన కనిపించింది. "నీల్ల బండి వచ్చింది సార్."

46.

ఆ రాత్రే గ్రూపులో రాశా. "లెక్క తప్పింది నాది. ఆయనది కాదు. 46 సరైనదే" అని, ప్రతి తేదీ పక్కన మెసేజ్ పెట్టి మరీ. నా మొదటి స్క్రీన్‌షాట్‌కి 22 మంది స్పందించారు. దీనికి ఆరుగురు బొటనవేలు పెట్టారు. కుమ్మక్కు అన్నాయన ఏమీ అనలేదు. పొద్దున్నే కిందికెళ్లి "తప్పైంది అన్నా" అంటే, "అయితది లే సార్" అని బకెట్ పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరమైనంత వరకే మాట్లాడాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. సొంత పనులతోనే నేర్చుకోండి. లాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ వేసుకుంటే గ్రెప్, సార్ట్, డబ్ల్యూసీ అన్నీ అందులోనే నడుస్తాయి. కానీ దొరికినవి లెక్కపెట్టే ముందు, మైనస్ వీ పెట్టి దొరకనివి ఒకసారి చదవండి. ఆఫీసు లాగ్ ఫైల్లో తప్పు లెక్క వస్తే ఇంకో టికెట్ పడుతుంది, అంతే. నా లెక్కకి ఇంకొంచెం ఉంటే ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసేది.

జూన్‌లో మళ్లీ బిల్లు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి చదివే వాళ్లమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నా. "మీ నాన్న ట్యాంకర్‌ని ఏమేమంటాడు?" అని అడిగా. వేళ్లు మడుస్తూ ఐదు మాటలు చెప్పింది. అందులో రెండు నేనెప్పుడూ వినలేదు. ఐదూ తనే టైప్ చేసింది. ఎంటర్ కొట్టబోతుంటే ఆగి అడిగింది:

"అన్నా, లేనివి చూపించేది ఎట్ల?"