గోడ మీద నెమలి

కొత్త ఇంట్లో హాలు గోడ బోసిగా ఉంది. తక్కువలో మంచి వస్తువు దొరుకుతుందని జనగామ పక్కనున్న పెంబర్తి వెళ్లాం. కాకతీయుల నాటి నుంచీ ఇత్తడి పనికి పేరున్న ఊరు. ధ్వజస్తంభాల తొడుగుల నుంచి గోడకు తగిలించే పలకల దాకా ఇక్కడ తయారవుతాయి. హైదరాబాద్-వరంగల్ దారిలోనే ఉంది కాబట్టి వెళ్లడమూ తేలికే.

నెమలి పలక ఒకటి నచ్చింది. ధర వినగానే ‘బరువెంతుంటుంది?’ అన్నాను.

‘తూకానికి కావాలంటే పాతసామాన్ల షాపుకు పోవాలె బిడ్డా.. ఇది చేతిపని’ అని నవ్వాడు పెద్దాయన. లక్క మీద పరిచిన రేకుపై ఉలితో, సుత్తితో ఈకలు చెక్కుతున్నాడు. మేమున్న గంటలో పూర్తయినవి రెండే!

మనసు చివుక్కుమంది. ఇల్లు మారేటప్పుడు, మానుకోటలో అమ్మమ్మ వాడిన బిందెను తూకానికే అమ్మేశాం మరి. బేరమాడకుండా నెమలిని తెచ్చుకున్నాం.

అటక వెతికితే అమ్మమ్మ చెంబు ఒకటి మిగిలి ఉంది. చింతపండుతో తోమితే తళతళలాడింది. ఇప్పుడది నెమలి కింద, బంతిపూలతో ఉంటోంది. వచ్చినవాళ్లు నెమలి ధర అడుగుతారు. అమ్మ మాత్రం చెంబు కథ చెబుతుంది.

మీరూ పాతసామాన్లవాణ్ని పిలిచే ముందు ఓసారి అటకెక్కి చూడండి!