సంఘం కంప్యూటరుకు వాకిలి తెరిచి మూసిన కథ

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, రిటైరయ్యాకే తెలుగు రాత కూడబలుక్కున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

సంఘం ఆఫీసు కంప్యూటర్లో సభ్యుల పట్టీ, పిల్లల స్కాలర్‌షిప్ లెక్కలు ఉన్నాయి కదా. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేక ఇంటినుంచే తెరుద్దామనుకున్నాం. రైల్వే మాటల్లో చెప్తాం. బయటికి స్టేషను ఒక్కటే, లోపల కౌంటర్లు బోలెడు. 3389 అని అడిగినవాణ్ణి ఫలానా కౌంటరుకు పంపమని రూటరుకు చెప్పడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

మొదటిరోజు బ్రహ్మాండం. కరెంటు పోయొచ్చాక పనిచేయలేదు. కంప్యూటరు లోపలి అడ్రసు మారిందట! రూటర్లో ఆ అడ్రసును దానికే రిజర్వు చేశాం, బెర్తులాగ.

నాలుగోరోజు మా మనవరాలు ఈవెంట్ వ్యూయర్ తెరిచి, "తాతా, ఇది చూడు" అంది. 4625 నంబరుతో వరసలు, రాత్రంతా. ఎవరో అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతో పాస్‌వర్డులు ఊహించి కొడుతున్నారు. పోర్టు నంబరు మారిస్తే చాలదా అన్నాం. వెతికేవాడు అన్ని తలుపులూ తడతాడు తాతా, అంది.

ఆ సాయంత్రమే మూసేశాం. రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెడితే అంతా 443 మీదుగా, మనిషిని సరిచూశాకే లోపలికి పోతుంది. కానీ దానికి సర్వర్ విండోస్ కావాలి, మన నిధిలో అంత లేదు. రూటర్లోనే వీపీఎన్ పెట్టుకున్నాం. బయటివాళ్ళు లోపలికొచ్చిన గుర్తు కనబడలేదు.

ఇంకొకటి. అప్పుడు మేము పెట్టుకున్న పాస్‌వర్డు మన సంఘం పేరే. మార్చేశాం.