జిద్దా ఎంత దూరం?

మాచర్లలోని మా ఇంటికి జిద్దా నగరం ఎంత దూరమని మా దాదీమా తరచు అడిగేది. భూగోళశాస్త్రం చదువుకున్న మేము సగర్వంగా లెక్క చెప్పేవారము. హైదరాబాదు నుండి ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. విమానం మధ్యలో ఆగకుంటే దాదాపు ఆరు గంటల ప్రయాణం. పోయేటప్పుడు పడమటి గాలులు ఎదురు వస్తాయి గనుక కొంత ఆలస్యం. వచ్చేటప్పుడు ఆ గాలులే వెనుక నుండి తోస్తాయి గనుక కొంత త్వరితం. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక.

"అయితే సాగరు మీదుగా హైదరాబాదుకు బస్సులో పోయినదానికి మరి కాస్త ఎక్కువ, అంతేగా!" అని ఆమె తృప్తి పడేది. ఆమె పెంచిన మా భాయీజాన్ అక్కడ ఒక ఇంట డ్రైవరు.

2016లో ఒక తెల్లవారుజామున దాదీమా కన్నుమూసింది. భాయీజానుకు ఫోను చేశాము. టిక్కెట్టుకు సొమ్మున్నది, విమానంలో చోటున్నది. కాని ఆ దేశం దాటి రావాలంటే యజమాని సమ్మతి కావాలి. అది లభించేసరికి నాలుగు రోజులు గడిచాయి. జనాజా అంతవరకు ఆగదు. భాయీజాన్ వచ్చి కబరస్తానులో ఆరిన మట్టిని తాకి ఊరకుండిపోయాడు.

2021 మార్చిలో ఆ ప్రభుత్వం ఈ నిబంధనను చాలమంది కార్మికులకు సడలించింది. ఇంటి డ్రైవర్లకు ఆ సడలింపు ఇవ్వలేదు.

జిద్దా ఎంత దూరమని ఎవరైనా అడిగితే మేమిప్పుడు గంటలు లెక్కించము. నాలుగు రోజులని చెబుతాము.