లిమిటే లేని కార్డుకి శాతం ఎక్కడిది?

మా గాండ్లపెంట పిల్లోడొకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. "నెలనెలా బిల్లు పూర్తిగా కడ్తానే ఉండాను కదన్నా, సిబిల్ స్కోరు యాల తగ్గింది?" అని ఫోను.

లిమిట్ 50,000. వాడకం 40,000. బ్యాంకు సిబిల్‌కి లెక్క పంపే రోజుకి ఎంత బాకీ కనబడితే అంతే, వాడు తర్వాత కట్టినా 80 శాతం వాడినట్టే. 30 లోపుంటే మేలంటారు. 2025 జనవరి నుంచి ఈ లెక్క కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని ఆర్‌బీఐ నియమం పెట్టింది. అందుకే బిల్లు రాకముందే కొంత కట్టెయ్యమన్నా.

చార్జ్ కార్డయితే వేరే కథ. ముందే రాసిపెట్టిన లిమిట్ ఉండదు, గడువుకి మొత్తం కట్టాల్సిందే. శెనక్కాయలు అమ్మినాక తీర్చే అంగడి పద్దు మాదిరి. భాగించడానికి లిమిటే లేదు కాబట్టి అమెరికాలో ఇప్పటి ఫైకో స్కోర్లు దాన్ని సాధారణంగా వాడకం శాతంలో కలపవు. గడువు దాటితే మాత్రం మచ్చ మచ్చే (అందులో ఏ కార్డుకీ మినహాయింపు లేదు).

మావోడిది మామూలు క్రెడిట్ కార్డే. లిమిట్ పెంచమని అడుగుతాడంట. పెంచితే శాతం తగ్గుతుంది, నిజమే. వాడి ఖర్చు సంగతి నాకు తెలుసు కాబట్టి ఊ అనలేదు.