పడవల రేవులో పడవ

గుణదలలో మా ఇంటికి కూతవేటు దూరమున పడవల రేవు అనెడి చోటు కలదు. అచ్చట బస్సులు ఆగును, ఆటోలు ఆగును. టీ దుకాణములు, మందుల దుకాణములు కలవు. లేనిది పడవ ఒక్కటే. చిన్ననాట ఆ పేరు మమ్ము ఏనాడును ఆలోచింపజేయలేదు. దాని అర్థము మాకు తెలిసివచ్చినది ఓడ నమూనాలు చేయు మా వ్యసనము వలన. ఆ కథనే ఇచ్చట విన్నవించుచున్నాము.

మేమనగా అన్నదమ్ములము ఇద్దరము. ఓడ నమూనా చేయుట బొమ్మ చేయుట వంటిది కాదు. బొమ్మకు అందము చాలును. నమూనాకు లెక్క కావలెను. విశాఖ సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని తీసికొందము. దాని పొడవు 91.3 మీటర్లు. నూరవ వంతుకు తగ్గించినచో 91 సెంటీమీటర్ల పైచిలుకు వచ్చును. ఆ లెక్కలో అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లు కూడ ఉండడు. తలుపు, మెట్టు, కమ్మీ అన్నియు ఆ మనిషికి తగినట్లు ఉండవలెను. ఒక్క నిచ్చెన లెక్క తప్పినను ఓడ మొత్తము బొమ్మయై పోవును.

కర్రకొరకు మేము దూరము పోవలసిన పని లేకపోయినది. కొండపల్లి బొమ్మల పనివారు వాడు తెల్లపొణికి కర్ర మిక్కిలి తేలిక. చాకుకు సులువుగా లొంగును. అడుగున ఒక దూలము, దానికి ఇరుప్రక్కల ప్రక్కటెముకల వంటి వంపు బద్దలు, వానిపై సన్నని పలకలు, ఇదియే క్రమము. పలకలను వేడినీట నానబెట్టి, వంచి, దారముతో కట్టి, ఆరువరకు కదపరాదు. సందులు పూడ్చుటకు కొండపల్లివారి మక్కు, అనగా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, మాకును పనికివచ్చినది. తెరచాపల త్రాళ్ళకు నూలుదారమును తేనెమైనముతో రుద్దినాము. ఇట్లు ఎనిమిది నెలలు శ్రమించి, ఒక పుస్తకములోని చిత్రమును అనుసరించి, మూడు కొయ్యల విదేశపు ఓడను పూర్తిచేసినాము. ధూళికి, చెదలకు, వానకాలపు చెమ్మకు భయపడి అద్దపు పెట్టెలో ఉంచి ముందుగదిలో నిలిపినాము. వచ్చినవారెల్ల మెచ్చుకొన్నారు. మాకు కొంత గర్వము కూడ కలిగినది.

మా దాదాగారు మాత్రము ఆ ఓడను చాలసేపు చూచి, "బేటా, దీనిని లాగేది ఎవరు?" అని అడిగినారు. మేము నవ్వి, "గాలి లాగును, దాదా" అన్నాము. ఆయన మరి మాటాడలేదు.

పిదప మరియొక ఓడ చేయదలచి, ఈసారి మన తెలుగువారిది చేయవలెనని పుస్తకములు తిరుగవేసినాము. రెండు కొయ్యల ఓడను నాణెములపై ముద్రించిన శాతవాహనులు మనవారే గదా! గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము నుండి ఓడలు ఎర్రసముద్రమునకు పోయినవి. నరసాపురమున ఓడలు కట్టినారు. విశాఖలో నిర్మితమైన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూగారు జలప్రవేశము చేయించినారు. చరిత్ర ఇంత ఉన్నను, గోలకొండ ఓడ కొలతలు చూపు చిత్రము మాకు దొరకలేదు. ఆ నిరాశను దాదాగారితో చెప్పుకొనగా, ఆయన తాపీగా, "మన కాలువ పడవ చేయండి. కొలతలు నేనిస్తాను" అన్నారు.

దాదాగారు యౌవనమున ఏలూరు కాలువ పడవలపై కళాసిగా పనిచేసినారని మాకు తెలియును. తెలియునే గాని, దానిని గూర్చి ఏనాడును అడిగి ఎరుగము. కాటన్ దొర ప్రణాళికపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తి అయిన తరువాత కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక బాటలు కూడ అయినవి. గుణదల మీదుగా పోవు ఈ కాలువ ఏలూరు వద్ద గోదావరి కాలువలతో కలియును. ఆ దారినే పడవలు కాకినాడ వరకు పోయెడివి. ధాన్యము, పొగాకు, వంటచెరకు వేసికొని గాలి లేనప్పుడు మనుష్యులే గట్టు మీద నడచుచు పడవను త్రాటితో లాగెడివారు. "లాగేది ఎవరు?" అని దాదాగారు అడిగిన ప్రశ్నకు అర్థము మాకు అప్పుడు తెలిసినది. లాగినది ఆయనయే.

కొలతలు ఆయన కాగితముపై చెప్పలేదు, చేతితో చెప్పినారు. "పొడవు ముప్పది ఆరు మూరలు" అనుచు మోచేయి చాపినారు. మేము ఆయన జానను కొలిచినాము: 22 సెంటీమీటర్లు. రెండు జానలు ఒక మూర. ఆ లెక్కన పడవ 15 మీటర్ల 84 సెంటీమీటర్లు. ముప్పదవ వంతుకు తగ్గించిన 53 సెంటీమీటర్లు. పుస్తకపు మూర 18 అంగుళములైనను మేము దాదాగారి మూరనే ప్రమాణముగా గైకొన్నాము. పని సాగుచుండగా ఆయన నోట లంగరు, సరంగు, కళాసి, లస్కరు అను మాటలు దొర్లెడివి. ఇవి ఉర్దూవో తెలుగువో అని మేము వాదించుకొనగా, "పడవలో అందరివీ" అని తేల్చివేసినారు. కాలువ లాకుల వద్ద పనిచేయువారిని మనమిప్పటికిని లస్కరులనియే పిలుచుచున్నాము.

ఇక మా తప్పును చెప్పుకొనవలెను. కళాశాల ప్రదర్శన సమీపించినది. పడవ దాదాపు పూర్తియైనది. దాదాగారి చూపు అప్పటికే మందగించినది, ఆయన పడవ వెనుక భాగమును వ్రేళ్ళతో తడిమి, "చుక్కాని చిన్నది. కాలువలో పడవ నెమ్మదిగా పోతుంది. నెమ్మదిగా పోయేదానికి చుక్కాని పెద్దదిగా ఉండాలి, లేకుంటే మలుపులో తిరగదు" అన్నారు. అది శాస్త్రసమ్మతమైన మాట. వేగము తగ్గినకొలది చుక్కాని మీద నీటి ఒత్తిడి తగ్గును గదా! కాని దానిని మార్చవలెనన్న వెనుక పలకలన్నియు ఊడదీయవలెను. నాలుగు దినములే గడువు. "ఎవరు గుర్తింతురు?" అనుకొని ఆ చుక్కానితోనే ప్రదర్శనలో పెట్టినాము. ఎవరును గుర్తింపలేదు. ప్రశంసలు వచ్చినవి. ఇంటికి తెచ్చిన పిదప దాదాగారు మరల వెనుక భాగమును తడిమి చూచినారు, ఏమియు అనలేదు.

ఆ వానకాలముననే ఆయన కన్నుమూసినారు.

నలుబది దినములు గడచిన పిమ్మట పలకలు ఊడదీసి పెద్ద చుక్కానిని అమర్చినాము. అది సరియైనదని చెప్పు వ్రేళ్ళు లేవు. అంతకంటె పెద్ద లోటు మరియొకటి బయటపడినది. లాగు త్రాటిని పడవ కొయ్యకు ఎంత ఎత్తున, ఏ ముడితో కట్టెడివారో మేము అడుగనే లేదు. అన్ని మూరలు అడిగినాము. ఆయన భుజము మోసిన త్రాటిని గూర్చి అడుగలేదు. ఊహించి కట్టవచ్చును. చూచువారు ఒప్పుకొందురు కూడ. కాని ఒకసారి "ఎవరు గుర్తింతురు" అనుకొన్న చేతులకు మరల ఆ ధైర్యము రాలేదు. కావున ఆ త్రాటిని చుట్టగా చుట్టి పడవ బల్లపై ఉంచినాము.

నేడు మా ముందుగదిలో విదేశపు ఓడ ప్రక్కన కాలువ పడవ ఉన్నది. చూచినవారు త్రాడేల కట్టలేదని అడిగినచో, తెలియక కట్టలేదని చెప్పుచున్నాము. 2008లో ప్రకటించిన నాల్గవ జాతీయ జలమార్గములో ఏలూరు కాలువ కూడ చేరినది. ఎన్నడైన పడవలు తిరిగి రావచ్చును. వచ్చినను అవి యంత్రపు పడవలే అగును. ఆ ముడి వానికి అక్కరలేదు.

సోదర విద్యార్థులకు మా విన్నపమొక్కటే. నమూనా చేయుటకు కర్ర కొండపల్లిలో దొరకును, జిగురు ఏ వీధిలోనైన దొరకును. కొలతలు మాత్రము మన ఇండ్లలో వృద్ధుల చేతులలో ఉన్నవి. అది పడవ కావచ్చును, మగ్గము కావచ్చును, ఎడ్లబండి కావచ్చును. ఈ సంచిక చదివి ముగించిన పిదప, దయచేసి వారి వద్ద కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడు. వారు చిన్నదని చెప్పిన చుక్కానిని ఆనాడే మార్చుడు.